చీనా రాజమాత, ఆంగ్ల వితంతువు: ‘ఎంప్రెస్ డౌవజర్’ అను పదవీనామమును గూర్చి

చీనా దేశ చరిత్రను ఆంగ్ల గ్రంథముల మూలమున చదువుకొను మనబోంట్లకు ‘ఎంప్రెస్ డౌవజర్’ అను పదవీనామము చిరపరిచితము. 1861 మొదలు 1908 వఱకు ఆ సామ్రాజ్యమున అధికారము నెఱపిన త్సీషీ పేరునకు ముందో వెనుకనో ఈ మాట తప్పక కానవచ్చును. పేరు చెప్పక ఈ మాట నొక్కదానినే వాడినను పాఠకుడు ఆమెయే యని గ్రహించును. రెండువేల యేండ్లకు మించిన కాలములో పెక్కుమంది స్త్రీలు ధరించిన పదవీనామము ఆంగ్లమున నొక్క స్త్రీకి వ్యక్తినామమువలె స్థిరపడినది. ఇంతగా వాడుక కెక్కిన మాటను నిలిపి దాని అర్థమేమని అడుగువారు తక్కువ. ఈ మాటకు ఆంగ్లమునగల అర్థమేమి, ఇది ఏ చీనామాటకు బదులుగా నిలిచినది, ఆ రెంటికిని గల పొందిక యెంత అను విషయములను ఇచట పరిశీలింపదలచితిమి. మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము: చీనాపదము తల్లిని చెప్పుచున్నది, ఆంగ్లపదము విధవను చెప్పుచున్నది. రెండును పెక్కుమాఱులు ఒక్క వ్యక్తియందే కలియుటచేత ఈ భేదము మఱుగుపడినది. కలియనిచోట్ల చరిత్రార్థమే తాఱుమాఱైనది.

పేర్ల వర్ణక్రమమును గూర్చి ఒక్క మాట. మేము త్సీషీ యని వ్రాయు పేరును పాత ఆంగ్ల గ్రంథములు ఒక తీరునను, నేటి గ్రంథములు వేఱొక తీరునను ముద్రించుచున్నవి. నేటి వర్ణక్రమమును ఆంగ్లపు పలుకుబడి ననుసరించి తెలుగులోనికి దింపినచో అది ‘సిక్సీ’ యగును. ఆ పేరుగల స్త్రీ చీనా రాజాంతఃపురమున ఎన్నడును లేదు. మన విద్యార్థులు ఈ విషయమున కొంత జాగరూకులై యుండుట మంచిది.

‘డౌవజర్’ అనునది ఫ్రెంచి భాషనుండి ఆంగ్లమునకు వచ్చిన మాట. దానికి మూలము ‘డవర్’ అను న్యాయశాస్త్రపదము. ఆంగ్లేయుల పూర్వన్యాయము ప్రకారము భర్త గతించిన స్త్రీకి అతని భూములలో మూడవవంతుపై యావజ్జీవమును అనుభవించు హక్కు కలదు. ఆ హక్కునకే డవర్ అని పేరు. మన మనువర్తి దీనికి కొంత దగ్గఱ. భర్తవలన సంక్రమించిన ఆస్తినిగాని, బిరుదమునుగాని అనుభవించుచున్న విధవ ‘డౌవజర్’ అనబడెను. ప్రభు కుటుంబములలో కొడుకునకు పదవి వచ్చి అతని భార్య ‘డచ్చెస్’ అయినపుడు, వెనుకటి ప్రభువు భార్యను వేఱుపఱచుటకు ‘డౌవజర్ డచ్చెస్’ అనిరి. కాలక్రమమున ఈ మాటకు ఇంకొక ఛాయ వచ్చి చేరినది. ధనము, దర్పము, వార్ధకము గల స్త్రీ నెవరినైనను కొంత పరిహాసముగా డౌవజర్ అనుట ఆంగ్లేయులకు అలవాటైనది.

ఈ మాటకు భర్తయే కేంద్రమను విషయము ఒక ప్రసిద్ధ వివాదమువలన తేటపడును. ఎనిమిదవ హెన్రీ తన భార్య కాథరిన్‌ను విడనాడదలచి, ఆమె మొదట తన అన్నయగు ఆర్థర్‌ను వివాహమాడినది గనుక తనతోడి వివాహము చెల్లదనెను. 1533లో ఆమెను రాణి యనరాదనియు, ‘ప్రిన్సెస్ డౌవజర్’ అని మాత్రమే పిలువవలెననియు శాసించిరి. అనగా ఆమె బ్రదికియున్న రాజునకు భార్య కాదు, ఎన్నడో మరణించిన రాకుమారునకు విధవ యని తీర్పు. కాథరిన్ 1536లో మరణించువఱకు ఆ పేరునకు అంగీకరింపలేదు. స్త్రీ ఎవరి విధవ యనునదే ఆ వివాదసారము. ఆమె ఎవరి తల్లి యను ప్రశ్న ఆ పదమునకు ఏమాత్రమును తగులలేదు. తరువాతి కాలమున 1837లో నాలుగవ విలియము మరణింపగా అతని రాణి అడిలెయిడ్ ‘క్వీన్ డౌవజర్’ అయ్యెను. సింహాసనమెక్కిన విక్టోరియా ఆమె బిడ్డ కాదు. భర్త తమ్ముని కూతురు. అయినను పదవీనామమునకు లోపము రాలేదు. మఱి 1952లో ఆఱవ జార్జి మరణించిన పిమ్మట ఆయన రాణి ఎలిజబెత్ తన కుమార్తె యేలుబడిలో ‘క్వీన్ మదర్’ అను పేరును గైకొని, 2002లో కన్నుమూయువఱకు దానితోనే వెలసెను. కావున ఆంగ్లభాషలో విధవకు వేఱు మాట, రాజమాతకు వేఱు మాట కలవు. చీనాపదమునకు సాటి వెదకిన అనువాదకులు ఈ రెంటిలో మొదటిదానిని ఎన్నుకొనిరి. మాట లేక చేసిన పనియైనచో క్షమింపవచ్చును. మాట యుండగా చేసిన పనిని విమర్శింపవలసియున్నది.

చీనా పదము ‘హువాంగ్‌తాయ్‌హౌ’. ఇందు మూడు అంశములు కలవు. ‘హువాంగ్’ అనునది సామ్రాట్టునకు సంబంధించిన మాట. క్రీ. పూ. 221లో ఛిన్ రాజు తక్కిన రాజ్యములన్నిటిని జయించి, రాజు అను పాత పేరు తనకు చాలదని తలంచి, పురాణపురుషులైన హువాంగుల పేరును, డీల పేరును కూర్చి ‘హువాంగ్‌డీ’ అను క్రొత్త బిరుదమును కల్పించుకొనెను. దానిలోని మొదటి భాగమే ఇచటి హువాంగ్. ‘హౌ’ అను మాటకు అతిప్రాచీనకాలమున ఏలిక యని అర్థము. తరువాత అది ఏలిక భార్యకు పేరైనది. నడుమనున్న ‘తాయ్’ అనునది మన ‘పెద్ద’ వంటిది. ఒక తరము పైకి పోవుటను అది సూచించును. సింహాసనమును కుమారునికి విడిచిన సామ్రాట్టును ‘తాయ్‌షాంగ్‌హువాంగ్’ అనుటలోని తాయ్ కూడ ఇదియే. ఈ మూటిలో విధవాత్వమును తెలుపునది ఏదియును లేదు. భర్తను గూర్చిన మాట లేదు. ఆస్తిని గూర్చిన మాట అసలే లేదు.

హాన్ వంశపు కాలమునకు ఈ పదములు ఒక క్రమమున నిలిచినవి. సామ్రాట్టు పట్టమహిషి హువాంగ్‌హౌ, తల్లి హువాంగ్‌తాయ్‌హౌ, తండ్రి తల్లి తాయ్‌హువాంగ్‌తాయ్‌హౌ. మూడు పేర్లను కొలుచు త్రాసు ఒక్కటియే: నేడు సింహాసనముపైనున్నవాడు. అతనికి ఆమె ఏమగును అనునదే ప్రశ్న. సామ్రాట్టు మాఱినచో అంతఃపురమందలి స్త్రీలందఱి పేర్లును ఒక్కదినమున మాఱును. ఆంగ్లమున విధవ యైనవాఱికి ఎవరు సింహాసనమెక్కినను విధవాత్వము తప్పదు గదా! చీనా పదమట్లు స్థిరమైనది కాదు. అది బంధుత్వవాచకము. అత్త, వదిన, అవ్వ అను మాటలకు ఎదుట ఒక వ్యక్తి యున్నగాని అర్థము పూర్తికానట్లే, ఈ పదమునకును ఏలుచున్న సామ్రాట్టు లేనిదే అర్థము లేదు.

ఇచట ఒక వింతను చెప్పక పోజాలము. చీనాభాషలో విధవ యను అర్థమిచ్చు మాటలోని ముఖ్యాక్షరము ‘గ్వా’. ఆ అక్షరము అంతఃపురస్త్రీల బిరుదములలో ఎందును కానరాదు. కాని ప్రాచీనకాలమున రాజులు తమను తాము వినయముగా చెప్పుకొను ‘గ్వారెన్’ అను మాటలో అదియే కలదు. సద్గుణము కొఱవడినవాడను అని దాని భావము. లేమిని తెలుపు అక్షరమును రాజు తనకు పెట్టుకొనెనేగాని తల్లికి పెట్టలేదు.

ఇక ఆంగ్లార్థమును, చీనార్థమును విడిపోవు ఘట్టములను చూతము. హాన్ వంశస్థాపకునకు పట్టమహిషి ల్యూ. అతడు క్రీ. పూ. 195లో మరణింపగా ఆమె కుమారుడు సామ్రాట్టయ్యెను. ఆమె హువాంగ్‌తాయ్‌హౌ అయ్యెను. ఇచట విధవయు, తల్లియు ఒక్కతెయే గనుక చిక్కులేదు. కాని క్రీ. పూ. 180లో అదే సామ్రాట్టునకు భోగపత్నులలో ఒకతెయగు బో కుమారుడు వెన్ అను పేరుతో సింహాసనమెక్కెను. అంతట బో హువాంగ్‌తాయ్‌హౌ అయ్యెను. ఆమె భర్త బ్రదికియుండగా పట్టమహిషి కాదు. భర్త మూలమున ఆమెకు సామ్రాజ్ఞీపదమే రానప్పుడు, ఆంగ్లన్యాయము ననుసరించి దాని విధవాభాగము మాత్రము ఎట్లు వచ్చును? పదవి కుమారునినుండి పైకి తల్లికి ఎక్కినదేగాని భర్తనుండి దిగినది కాదు.

మింగ్ వంశమునందలి ఉదాహరణము ఇంకను బలమైనది. 1521లో జెంగ్‌డె సామ్రాట్టు సంతానములేక మరణింపగా, అతని పినతండ్రి కుమారుడు జియాజింగ్ అను పేరుతో రాజయ్యెను. ఇతని తండ్రి సామంత రాకుమారుడేగాని సామ్రాట్టుగా ఎన్నడును ఏలలేదు. మంత్రులు, పండితులు ఏకమై, ఇతడు వెనుకటి హోంగ్‌జీ సామ్రాట్టునకు దత్తపుత్రుడు కావలెననియు, కన్నతల్లిదండ్రులను పినతండ్రి, పినతల్లి యని పిలువవలెననియు వాదించిరి. జియాజింగ్ ఒప్పుకొనలేదు. ఏండ్లతరబడి సాగిన ఈ కలహమున, 1524లో రాజద్వారమువద్ద మోకరిల్లి విలపించిన అధికారులను దండములతో కొట్టించిరి. పదిమందికి మించి ప్రాణములు విడిచిరి. తుదకు అతని కన్నతల్లి జియాంగ్ హువాంగ్‌తాయ్‌హౌ అయ్యెను. గతించిన తండ్రికి సామ్రాట్టు బిరుదమును తరువాత కట్టబెట్టిరి. ఆమె ఒక రాకుమారుని విధవ, సామ్రాట్టునకు తల్లి. మఱి నిజముగా సామ్రాట్టునకు విధవయైన జెంగ్‌డె పట్టమహిషి షియా మాట యేమి? ఆమె క్రొత్త సామ్రాట్టునకు తరములో సమానురాలు, వదినె వరుస. ఆమెకు హువాంగ్‌తాయ్‌హౌ పదవి రాలేదు. ఒక విశేషణముతో కూడిన హువాంగ్‌హౌగనే 1535లో గతించెను. ఒక పదవీనామమునకై విద్వాంసులు ప్రాణము లొడ్డుట మనకు అతిగా తోచవచ్చును. దత్తత వలన పిండోదకములు, దాయభాగము, గోత్రము మాఱునని యెఱిగిన మన దేశమున మాత్రము దీనిని వట్టి మాటల తగవని త్రోసివేయుట తగదు.

ఛింగ్ వంశమున షియెన్‌ఫెంగ్ సామ్రాట్టు 1861 ఆగస్టులో మరణించెను. అతనికి ఏకైక పుత్రుడు ఐదేండ్ల బాలుడు. అతడు తోంగ్‌జీ సామ్రాట్టయ్యెను. తరువాత త్సీఆన్ అని పేరొందిన పట్టమహిషికి పుత్రసంతతి లేదు. బాలుని కన్నతల్లి భోగపత్నులలో ఉన్నతశ్రేణికి చెందిన యీ యను స్త్రీ. ఆమెయే మన త్సీషీ. ఇద్దఱును ఏకకాలమున హువాంగ్‌తాయ్‌హౌ లైరి. ఒక్క సామ్రాట్టునకు ఇద్దఱు ‘ఎంప్రెస్ డౌవజర్లు’ ఎట్లుందురని ఆంగ్లపాఠకుడు తికమకపడును. చీనావారికి అందు తికమక లేదు. త్సీఆన్‌ను ‘ముహౌ హువాంగ్‌తాయ్‌హౌ’ అనిరి. త్సీషీని ‘షెంగ్‌ము హువాంగ్‌తాయ్‌హౌ’ అనిరి. రెంటిలోను ఉన్న ‘ము’ అను మాటకు తల్లి యని అర్థము. మొదటిది ధర్మమాత, తండ్రి పట్టమహిషి గనుక. రెండవది పూజ్యమాత, కన్నది గనుక. అంతేకాదు, ఇద్దఱి పేర్లకును మొదట నిలుచు ‘త్సీ’ అను అక్షరమునకు వాత్సల్యము, దయ యని అర్థము; అదియును తల్లికి తగిన గుణమే. పదవీనామమున, విశేషణమున, గౌరవనామమున మూడింట తల్లి తల్లి యని ఘోషించుచుండగా ఆంగ్లపదము ‘విధవ’ యని ఒక్క మాటతో తేల్చివేసినది. అప్పటికి త్సీషీ వయస్సు 25 ఏండ్లు. త్సీఆన్ వయస్సు 24. డౌవజర్ అనగానే ఆంగ్లేయుని మనస్సున మెదలు ముదుసలికిని ఈ యువతులకును పోలిక యేమి?

1875 నాటి ఘట్టము మా వాదమునకు ప్రాణమువంటిది గనుక కొంత నిదానింతము. ఆ యేడు జనవరిలో తోంగ్‌జీ సంతానము లేక 18వ యేట మరణించెను. అతని పట్టమహిషి అలూతె బ్రదికియున్నది. వంశాచారము ప్రకారము మృతుని తరువాతి తరమునుండి ఒక బాలుని తెచ్చి మృతునకు దత్తుని చేయవలెను. అట్లు చేసినచో క్రొత్త సామ్రాట్టునకు అలూతె తల్లి, అనగా హువాంగ్‌తాయ్‌హౌ యగును. త్సీషీ అవ్వ వరుసకు పెరిగి తాయ్‌హువాంగ్‌తాయ్‌హౌ యగును. పేరు పెద్దదగును, బాలసామ్రాట్టుకు బదులు తెరవెనుక కూర్చుండి రాజ్యవ్యవహారములు వినుహక్కు తల్లిదిగాని అవ్వది కాదని వాదించుటకు వీలు కలుగును. త్సీషీ దీనికి భిన్నముగ మృతుని తరమునకే చెందిన మూడేండ్ల బాలుని ఎన్నుకొనెను. అతడు షియెన్‌ఫెంగ్ తమ్ముని కుమారుడు. తల్లి త్సీషీ చెల్లెలు. అతనిని తోంగ్‌జీకి కాక షియెన్‌ఫెంగ్‌కు దత్తుని చేసిరి. గ్వాంగ్‌షూ సామ్రాట్టు ఇతడే. దీనిచేత త్సీషీ మరల తల్లి యయ్యెను. మరల హువాంగ్‌తాయ్‌హౌ యయ్యెను. అలూతె వదినె యయ్యెను. ఆమెకు ‘జియాషున్ హువాంగ్‌హౌ’ అను పేరు మిగిలినది. మార్చి నెలలో ఆమె మరణించెను.

ఇపుడు ఆంగ్లపదమును ఈ ఇద్దఱు స్త్రీలకును పట్టిచూడుడు. సామ్రాట్టునకు పట్టమహిషియై, అతడు మరణించుటచేత విధవయై, భర్తవలన వచ్చిన సామ్రాజ్ఞీపదమును ధరించియున్నది అలూతె. ‘ఎంప్రెస్ డౌవజర్’ అను మాట అక్షరాల వర్తించునది ఆమెకు. ఆమెను ఆ పేరున ఎవరును పిలువలేదు. భర్త జీవితకాలమున పట్టమహిషి కాని త్సీషీకి అది శాశ్వతముగ అంటుకొన్నది. పదము వర్తించువాఱికి చెల్లక, చెల్లినవాఱికి వర్తింపకపోవుటకంటె అనువాదదోషమునకు వేఱు నిదర్శనమేల?

ఈ దత్తతవలన తోంగ్‌జీకి ఉత్తరాధికారి లేకపోయెను. ఇది చీనా పండితులను కలచివేసినది. 1879లో తోంగ్‌జీ సమాధి సందర్భమున వూ కెదూ అను అధికారి నిరసనగా ఆత్మహత్య చేసికొనెను. గ్వాంగ్‌షూకు పుట్టబోవు కుమారుని తోంగ్‌జీకి వారసుని చేయుదుమని దర్బారు చెప్పుచువచ్చెను. గ్వాంగ్‌షూకును సంతతి కలుగలేదు. 1908 నవంబరు 14న అతడు మరణింపగా రెండేండ్ల పూయీని తోంగ్‌జీకి వారసునిగను, గ్వాంగ్‌షూకు కూడ పుత్రస్థానీయునిగను ప్రకటించిరి. ఆ ప్రకటనతో త్సీషీ తాయ్‌హువాంగ్‌తాయ్‌హౌ యయ్యెను. గ్వాంగ్‌షూ పట్టమహిషి లోంగ్‌యూ హువాంగ్‌తాయ్‌హౌ యయ్యెను. మఱునాడే త్సీషీ మరణించెను. 33 ఏండ్లపాటు ఆమె తప్పించుకొన్న అవ్వపదవి ఒక్కదినము మాత్రమే దక్కినది.

మా వాదమునకు ఒక ఆక్షేపణ రాగలదు. తండ్రి మరణించినపుడేగదా సాధారణముగ కొడుకు రాజగును. కావున రాజమాత విధవ కాకతప్పదు. అట్టిచో విధవ యని అనువదించిన దోషమేమి? రెండు గుణములు ఒకచోట ఉన్నంతమాత్రమున రెంటికిని ఒక్కటే పేరు కాదు అని మా సమాధానము. తాతలందఱును ముసలివారే యైనను తాత యను మాటకు ముసలివాడని అనువాదము వ్రాసినచో బంధుత్వము నశించును. అయితే ఈ ఆక్షేపణకు ఒక బలమున్నదని ఒప్పుకొనవలెను. చీనానుండి ఈ పదమును ‘కోతాయ్‌గో’ అను ఉచ్చారణతో గైకొన్న జపానులో ఇటీవలి కాలమున అది గతించిన సామ్రాట్టు పత్నికే వాడబడుటచేత, దానికి విధవాచ్ఛాయ వచ్చినది. 2019 ఏప్రిల్ 30న అకిహితో సింహాసనమును విడిచినపుడు ఆయన పత్ని మిచికోకు ఈ పేరు పెట్టుటకు జంకి, ‘జోకోగో’ అను వేఱొక పదవీనామమును ఏర్పఱచిరి. ఆంగ్లమున దానికి ‘ఎంప్రెస్ ఎమెరిటా’ అని సాటి కల్పించిరి. విశ్వవిద్యాలయములలో విశ్రాంతాచార్యులకు వాడు ‘ఎమెరిటస్’ అను మాట స్త్రీరూపమున రాజాంతఃపురమున ప్రవేశించుట మాకు కొంత నవ్వు పుట్టించినది. వాడుకవలన అర్థము మాఱునని ఈ ఉదాహరణము చెప్పుచున్నది. కాని జపానున పందొమ్మిదవ శతాబ్ది తరువాత వచ్చిన ఛాయను ఛింగ్ దర్బారునకు అంటగట్టరాదు.

ఇక ఆంగ్లగ్రంథముల తీరు. ‘డౌవజర్ ఎంప్రెస్’ అనియు, ‘ఎంప్రెస్ డౌవజర్’ అనియు రెండు విధముల వాడుక కలదు. విశేషణమును నామమునకు వెనుక నిలుపుట ఆంగ్లమున ఫ్రెంచి న్యాయభాష విడిచిపోయిన అలవాటు; ‘అటార్నీ జనరల్’ అనుట అట్టిదే. రష్యా సామ్రాట్టు మూడవ అలెగ్జాండరు పత్ని మరియాకు విశేషణమును ముందుంచుట ఎక్కువ. చీనాకు వెనుక నుంచుట ఎక్కువ. ఇందు అర్థభేదమును వెదకుట వ్యర్థమని మా తలంపు. 1985లో వెలువడిన చార్లెస్ హక్కర్ పదవీనామ నిఘంటువు కూడ హువాంగ్‌తాయ్‌హౌకు ‘ఎంప్రెస్ డౌవజర్’ అనియే సాటి యిచ్చినది. నిఘంటుకర్త వాడుకను మన్నింపవలసినవాడు గనుక ఆయనను తప్పుపట్టుటకు మేము సాహసింపము.

చరిత్రకారుల సంగతి వేఱు. బ్లాండ్, బాక్‌హౌస్ అనువారు 1910లో ప్రకటించిన ‘చైనా అండర్ ది ఎంప్రెస్ డౌవజర్’ అను గ్రంథము త్సీషీని గూర్చిన ఆంగ్లేయుల భావనను చిరకాలము శాసించినది. అందలి జింగ్‌షాన్ దినచర్య కూటసృష్టి యని తేలినది. బాక్‌హౌస్ చేసిన మోసములను ట్రెవర్ రోపర్ 1976లో బయలుపెట్టెను. దినచర్య పోయినను ఆ గ్రంథముఖమునగల పదవీనామము మాత్రము నిలిచినది. విధవ యని పేరుపెట్టినచో, భర్త పోయిన స్త్రీ తన భాగమును అనుభవించుచు ఒకమూల నుండవలసినది గదా, రాజ్యమేల పట్టినది అను ప్రశ్న తనంత తానే పుట్టును. ఆమె అధికారమంతయు అపహరణముగనే కనబడును. తల్లి యని పేరుపెట్టినచో ప్రశ్నయే మాఱును. మాతృభక్తి సామ్రాట్టునకు పరమధర్మమైన దేశమున, తల్లి యెదుట మోకరిల్లుట అతనికి నిత్యకృత్యమైన దర్బారున, కుమారుడు తల్లి మాటను ఎంతవఱకు మీఱవచ్చును? 1898 సెప్టెంబరు 21న సంస్కరణములను ఆపి త్సీషీ మరల పాలన చేపట్టినపుడు వాడిన మాట ‘షున్‌జెంగ్’. పాలనను బోధించుట యని దాని అర్థము. ఆమెను ప్రార్థించినట్లు గ్వాంగ్‌షూ పేరుతోనే శాసనము వెలువడినది. అది బలవంతపు ప్రార్థన యని వేఱుగ చెప్పనక్కఱలేదు. అతడు బందీ యయ్యెను, ఆఱుగురు సంస్కర్తల శిరస్సులు తెగినవి. మేము ఆ పనులను సమర్థించుట లేదు. ఆ బలాత్కారము తల్లి బోధ యను వేషము ధరించి వచ్చినదనియు, ఆ వేషమే దానిని చీనావారు ఎదిరింపజాలని దానినిగా చేసినదనియు చెప్పుచున్నాము. ఆంగ్లపదము ఆ వేషమును చెఱిపివేయుటచేత పాఠకునకు బలాత్కారము కనబడునుగాని అది ఫలించిన కారణము కనబడదు.

నవలలకును, జీవితచరిత్రలకును ఈ తికమక సోకినది. పెర్ల్ బక్ 1956లో వెలువరించిన నవలకు ‘ఇంపీరియల్ ఉమన్’ అని పేరిడి డౌవజర్‌ను తప్పించుకొనుట ఆమె వివేకమునకు తార్కాణము. ఆమె చీనాభాష నెఱిగిన రచయిత్రి. యుంగ్ చాంగ్ 2013లో ప్రకటించిన జీవితచరిత్రకు ‘ఎంప్రెస్ డౌవజర్ త్సీషీ’ అని శీర్షికయు, నవీన చీనాను ప్రారంభించిన భోగపత్ని యని ఉపశీర్షికయు కలవు. ఆంగ్లన్యాయమున ఈ రెండు మాటలు ఒకదానినొకటి ఖండించుకొనును. భోగపత్నికి డవర్ లేదు. డవర్ గలది భోగపత్ని కాదు. చీనాభాషలో ఈ వైరుధ్యమునకు తావే లేదు. భోగపత్ని కన్న కుమారుడు రాజైనచో ఆమె రాజమాత యగుట బో కాలమునాటి పాడి.

మనకు ఈ చర్చతో పని యేమి యని అడుగవచ్చును. చీనా చరిత్ర తెలుగునకు ఆంగ్లముద్వారముననే వచ్చుచున్నది. అనువాదకుడు నిఘంటువు విప్పి ‘వితంతు సామ్రాజ్ఞి’ అని వ్రాసినచో ఆంగ్లమున గౌరవముగ నున్న మాట తెలుగున అమంగళమగును. మన సమాజము విధవాత్వమును బిరుదముగ ఎన్నడును ధరింపజేయలేదు. బ్రిటిషు ప్రభుత్వ కాలమున మన దేశపు సంస్థానములలో ‘డౌవజర్ మహారాణి’ అను మాట కాగితములపై నడచినను, ప్రజల నోట రాజమాత యను మాటయే నిలిచినది. తగిన పదములు మనకు ఆంధ్ర శాతవాహనుల నాటనుండియు కలవు. నాసికలోని గుహాశాసనమున, పులుమావి 19వ పాలనవర్షమున, గౌతమీ బలశ్రీ తనను మహాదేవి యనియు, మహారాజమాత యనియు, మహారాజ పితామహి యనియు చెప్పుకొన్నది. హువాంగ్‌హౌ, హువాంగ్‌తాయ్‌హౌ, తాయ్‌హువాంగ్‌తాయ్‌హౌ అను మూడు మెట్లకును ఈ మూడు మాటలు ఎంత చక్కగ సరిపోయినవో విజ్ఞులు గమనింతురుగాక. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి, మనుమడు పులుమావి. ఏలినవారినిబట్టి ఆమె తన స్థానమును కొలుచుకొన్నది.

1912 ఫిబ్రవరి 12 నాటి రాజ్యత్యాగశాసనమును తెలుగున చదువవలసివచ్చినపుడు ఈ పదములు ఎంత అవసరమో తెలియును. ఆఱేండ్ల పూయీ, లోంగ్‌యూ ఆజ్ఞను శిరసావహించితినని చెప్పి సింహాసనమును విడుచుచున్నాడు. ఆమె అతనిని కనలేదు. ఆమెకు సంతానమే లేదు. ఆ శాసనమున మాటాడునది విధవ యని వ్రాసినచో, గతించిన గ్వాంగ్‌షూ పత్నికి సామ్రాజ్యమును ధారవోయు అధికార మెక్కడిది యని చదువరి ఆశ్చర్యపడును. మహారాజమాత యని వ్రాసినచో, తల్లి చెప్పినది, బిడ్డ విన్నాడు అని శాసనము తన వాక్యక్రమముతోనే తన ప్రామాణ్యమును చాటును. త్సీషీని 1861 నుండి మహారాజమాత యనియు, చివరి దినమున మహారాజ పితామహి యనియు వ్రాయవలెను. అలూతెను తోంగ్‌జీ మహాదేవి యని వ్రాయవలెను. ఆంగ్లేయుల డౌవజర్ పదమును ఎచ్చటనైన విడువక ఉంచవలెనన్నచో, 1875 జనవరి మొదలు మార్చి వఱకు గల ఆ రెండున్నర నెలలకు ఆమె కొక్కతెకు ఉంచవచ్చును.